తీగ దూరంలో హోటలు

లైన్‌మన్ భార్య ఆపరేషన్ తప్పించుకుని పారిపోవడం అప్పటికి రెండుసార్లయింది.

మొదటిసారి నగరం శివార్లలో ఉన్న లైన్‌మన్ తమ్ముడి ఇంట్లో దిగారు. పొద్దున్నే ఆస్పత్రికని బస్సెక్కారు. సగం దారిలో ఆవిడకు ఊళ్ళో ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపానా లేదా అని అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఇంకో రెండు స్టాపులు దాటేసరికి నమ్మకమై కూర్చుంది. ఇల్లు తగలబడుతున్నంత కంగారుగా బస్సు దిగిపోయి, ఎదురుగా వస్తున్న బస్సెక్కి ఊరికి వెళ్ళిపోయింది. ఇస్త్రీపెట్టె బీరువా మీద, వైరు నడుముకు చుట్టుకుని, చల్లగా ఉంది.

రెండోసారి ఏకంగా ఆస్పత్రి గేటు దాకా వచ్చింది. దాహంగా ఉంది, నీళ్ళ సీసా కొనుక్కొస్తానని రోడ్డు దాటింది. లైన్‌మన్ సంచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. కాళ్ళు పీకేదాకా నిలబడ్డాడు. ఆ సాయంత్రం ఆయన ఊరికి చేరేసరికి ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని, ఏమీ ఎరగనట్టు పక్కింటి పిల్ల గౌనుకు కుచ్చులు కుడుతోంది.

అసలావిడ భయస్థురాలేం కాదు. ఊళ్ళో సగం మందికి బట్టలు కుట్టే మనిషి. కొలతలు తీసేటప్పుడు ఎంత పెద్దమనిషినైనా "పొట్ట లోపలికి పీల్చకండి, రేపు గుండీలు తెగితే నన్నంటారు" అని గదమాయిస్తుంది. అలాంటి మనిషి ఆపరేషన్ అనేసరికి పిల్లిలా జారుకుంటోంది. ఎందుకే అంటే చెప్పదు. అడిగిన కొద్దీ మిషను ఇంకా గట్టిగా తొక్కుతుంది.

డాక్టరమ్మ మాత్రం ఉన్నమాట మొహం మీదే చెప్పేసింది. కడుపులో ఉన్నది ఇప్పటికి గడ్డేనట. ఇంకా జాగు చేస్తే దాన్ని ఏమని పిలవాల్సొస్తుందో తనూ చెప్పలేనంది. మూడోసారి కూడా రాకపోతే ఆ బెడ్డు ఇంకొకరికి ఇచ్చేస్తానంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి లైన్‌మన్‌కు ముద్ద దిగడం లేదు. పెళ్ళాం లేని ఇంటిని ఊహించుకోబోయాడు ఒకసారి. వంటింటి గుమ్మం దాటి ఊహ ముందుకు పోలేదు. 

అప్పుడు రంగంలోకి దిగింది వదిన. లైన్‌మన్ భార్యకు సొంత అక్క, బళ్ళో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది గానీ గొంతు మాత్రం రిటైరవలేదు. ఫోను చేసి మరిదికి క్లాసు తీసుకుంది. "చుట్టాల ఇళ్ళూ వద్దు, బస్సులూ వద్దు మరిదీ. ఆస్పత్రికి ఎదురుగా హోటలు తీసుకో. అది నిద్ర లేచి, మొహం కడుక్కుని, నాలుగడుగుల్లో లోపల పడాలి. దానికి ఆలోచించుకునే వ్యవధి ఇచ్చావా, ఇక చిక్కదు" అంది.

ఆ మాట లైన్‌మన్ మనసులో బాగా నాటుకుంది. ఈ గండం గట్టెక్కడమంతా హోటలు ఎక్కడుందన్న దాని మీదే ఆధారపడి ఉందని ఆయనకు అర్థమైంది. కాకపోతే ఒకటే ఇబ్బంది. కాపురం పెట్టిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఏదీ ఆయన ఎంచి ఎరగడు. కర్టెన్ల రంగు నుంచి కొడుకు చదువు దాకా అన్నీ ఆవిడే చూసేది. ఆయన చొక్కాలు కూడా ఆవిడ కుట్టి ఇస్తే తొడుక్కోవడమే. ఇప్పుడు హోటలు ఎంచడం అనేసరికి, పెద్ద పరీక్షకు కూర్చున్నట్టే కూర్చున్నాడు.

ఫోన్లో నగరం మ్యాపు తెరిచాడు. ఆస్పత్రి మీద బొటనవేలి గోరు పెట్టి, దాని చుట్టూ ఉన్న హోటళ్ళన్నీ వెతికాడు. ఒక్కొక్కదానికీ ఫోను చేశాడు. ఒకాయన బస్సులో రెండు స్టాపులే అన్నాడు. బస్సు అన్న మాట వినగానే లైన్‌మన్ ఫోను పెట్టేశాడు. ఇంకొకాయన రెండు మలుపులు తిరిగితే ఆస్పత్రే అన్నాడు. మలుపులు కూడా ఆయనకు నచ్చలేదు, మలుపు దగ్గర మనిషి మాయం కావచ్చు. చివరికి ఒక హోటలు గుమాస్తా, "మా వెనక వైపు గదుల్లోంచి ఆస్పత్రి బోర్డు చదువుకోవచ్చండీ" అన్నాడు.

లైన్‌మన్‌కు ప్రాణం లేచొచ్చింది. మ్యాపులో చూస్తే గోరంత దూరం కూడా లేదు. మధ్యలో సన్నటి నీలం గీత ఒకటి ఉంది గానీ, గీతలకు భయపడే ఉద్యోగం కాదు ఆయనది. అక్కడికక్కడే గది ఖాయం చేసేశాడు.

ఈ పొరపాటు ఇంకెవరూ చేయరు. కరెంటు స్తంభాలెక్కి బతికినవాడే చేయాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో లైన్‌మన్‌కు దూరమంటే ఈ స్తంభం మీంచి ఆ స్తంభానికి తీగ లాగేంత. మధ్యలో చెరువుందా, తోటుందా, ఎవరి పెరడుందా అన్నది తీగకు పట్టదు. స్తంభం మీంచి అవతలి స్తంభం కంటికి ఆనితే అది దగ్గర, అంతే. ఇంట్లో కూడా ఏదైనా ఎంత దూరమంటే "ఎంతా, మూడు స్తంభాలు" అంటాడు. ఆయన మాట నమ్మి నడిచిన చుట్టాలు చెప్పులు తెగి వచ్చిన సందర్భాలున్నాయి.

సరే, ప్రయాణమై వచ్చారు. సాయంత్రం వెలుగు ఇంకా బాగానే ఉంది. హోటలు చూస్తే శుభ్రంగా ఉంది. మెట్ల మీద తివాచీ, గదిలో తెల్లటి దుప్పట్లు, బాత్రూములో కొత్త సబ్బు. ఆవిడ దుప్పటి అంచు తిప్పి కుట్టు చూసి, ఫర్వాలేదన్నట్టు తలూపింది. లైన్‌మన్ ఛాతీ కాస్త విరుచుకున్నాడు. "ఇటు రా, ఆస్పత్రి చూపిస్తా" అని గర్వంగా కిటికీ తెర లాగాడు.

ఆస్పత్రి ఉంది. ఎదురుగా, నిటారుగా, బోర్డు మీద అక్షరం అక్షరం చదువుకునేలా ఉంది. దానికీ వీళ్ళకూ మధ్య పెద్ద కాలువ ఉంది. రెండు వైపులా రాతి గట్లు, గట్ల మీద ఇనుప కమ్మీలు, మధ్యలో తాపీగా పోతున్న నీళ్ళు. అటు నుంచి ఇటు దాటి వస్తున్నది ఒక్కటే, హోటలు పక్క స్తంభానికి ఆస్పత్రి ఆవరణలోంచి వచ్చిన కరెంటు తీగ. దాని మీద రెండు పావురాలు కూర్చున్నాయి.

 లైన్‌మన్ కిందికి పరుగెత్తి గుమాస్తాను అడిగాడు, వంతెన ఎక్కడయ్యా అని. గుమాస్తా మహా మర్యాదగా చెయ్యి చాచి చూపించాడు. గట్టు వెంబడి ఆ కొస దాకా పోతే వంతెన వస్తుందట. గుర్తు కూడా తేలికేనట, పక్కనే ఊళ్ళకు పోయే బస్సుల స్టాండు ఉంటుందట.

బస్సుల స్టాండు.  ఏ బస్సుల నుంచైతే పెళ్ళాన్ని కాపాడుకుందామని ఇంత తంటాలు పడ్డాడో, ఆ బస్సుల ముందు నుంచే రేపు పొద్దున్న నడిపించుకుని పోవాలి. తను వెతికి వెతికి ఎంచిన హోటలు ఇది. ఆస్పత్రి పక్కన ఏదో ఒక గది దొరక్కపోతుందా అని అక్కడే నిలబడి అందరికీ మళ్ళీ ఫోన్లు చేశాడు. ఎక్కడా ఖాళీ లేదు.

పైకొచ్చేసరికి ఆవిడ కిటికీ దగ్గరే నిలబడి ఉంది. జరిగింది ఆవిడకు అర్థమైపోయింది. "కరెంటు వచ్చి బస చేయడానికి మహా దగ్గర హోటలండీ" అంది. తర్వాత నవ్వింది. నడుం మీద చెయ్యేసుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఎన్ని వారాలైందో ఆ నవ్వు విని. మరో రోజైతే లైన్‌మన్ కూడా నవ్వేవాడే. వేరే చోటు చూస్తానన్నాడు. అక్కర్లేదు, సంచీ విప్పేశాను, ఇక్కడే బాగుందని ఆవిడ తేల్చేసింది. ఎందుకు బాగుందో, ఏం చూసుకుని బాగుందో అని ఆయనకు ఇంకో దిగులు పట్టుకుంది.

అంతలో వదిన ఫోను. హోటలు దగ్గరేనా అని మొదటి ప్రశ్న. ఎదురుగానే వదినా అన్నాడు. అబద్ధం కాదు కదా. కనిపిస్తోందా అంటే బోర్డు చదువుతున్నానన్నాడు. నాలుగడుగులేనా అని ఆవిడ గుచ్చి అడిగేసరికి నీళ్ళు నమిలాడు. పక్కన మంచం మీద భార్య దిండులో మొహం దాచుకుని మళ్ళీ నవ్వుతోంది.

పొద్దున్నే తయారయ్యారు. గుమాస్తా బండి పిలవమంటారా అంటే ఆవిడే వద్దంది. "బండెక్కితే నాకు దిగబుద్ధవుతుంది. మీకు తెలియనిదేముంది. నడుద్దాం" అంది. నడవలేని ఒళ్ళు కాదు, ఆ మాట డాక్టరమ్మే చెప్పింది. ఇక లైన్‌మన్ ఏమంటాడు, సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

గట్టు మీద నడక మొదలైంది. ఆవిడ కమ్మీల పక్కన, ఆయన రోడ్డు పక్కన. మేకను సంతకు తోలుకుపోయేవాడిలా అరడుగు వెనక నడుస్తూ, ఆవిడ కుడికి చూస్తే కుడికీ, ఎడమకు చూస్తే ఎడమకూ జరుగుతున్నాడు. దుకాణాల వాళ్ళు గుమ్మాలు కడుగుతున్నారు. ఒకావిడ బాల్కనీ మీద పరుపు దులుపుతోంది. అవతలి గట్టున ఆస్పత్రి ఎంత నడిచినా పక్కనే వస్తున్నట్టుంది గానీ దగ్గర కావడం లేదు.

"మీది తీగ కొలత" అంది ఆవిడ నడుస్తూ. "నాది టేపు కొలత. నడుం చుట్టూ తిరిగొస్తేగానీ కొలత కాదు." ఆయన కిక్కురుమనలేదు. తప్పు తనదైనప్పుడు కిక్కురుమనకపోవడం ఆయన కాపురంలో నేర్చుకున్న మొదటి పాఠం.

కొంత దూరం పోయాక ఒక సిమెంటు బల్ల కనిపిస్తే ఆవిడ కూర్చుంది.  ఇప్పుడు దాహమంటుందా, ఇస్త్రీపెట్టె అంటుందా అని చూస్తూ లైన్‌మన్ కూడా ఓ మూలగా కూర్చున్నాడు. ఆవిడ పైటకొంగు అంచు వేలికి చుట్టి విప్పింది, మళ్ళీ చుట్టింది.

మత్తు మందు ఇస్తే మనిషి లోపల ఉన్నదంతా వాగేస్తుందటగా అని అడిగింది చివరికి. వాళ్ళ కిందింటావిడకు ఆపరేషన్ అయ్యాక తెలివి రాబోయే ముందు అత్తగారి గురించి ఉన్నవీ లేనివీ బయటపెట్టేసిందట. అత్తగారు మంచం పక్కనే బత్తాయి ఒలుస్తూ కూర్చుని ఉందట. నెల తిరక్కుండా వేరు కాపురమైంది.

"ఇదా నీ భయం? వాగితే వాగుతావు. నువ్వేం దాచావు గనక?" అన్నాడు లైన్‌మన్.

ఆవిడ కొంగును వేలికి ఇంకా బిగించి చుట్టింది.  కట్టుకున్న పెళ్ళాం దాచిన సంగతి ఏమై ఉంటుందా అని ఆయన బుర్ర ఎక్కడెక్కడికో పోయింది. ఎవరికైనా మాటిచ్చిందా, ఎవరితోనైనా ఏమన్నా... ఛీ ఛీ అనుకున్నాడు. 

"మీ ఆఫీసులో గయ్యాళమ్మ గుర్తుందా?" అంది ఆవిడ.

గుర్తుండకపోవడమేమిటి. సెల్‌ఫోన్లు లేని రోజులు. సబ్‌స్టేషన్‌లో అందరికీ కలిపి ఒకే ఫోను. గాలివాన వచ్చి కరెంటు పోయిందంటే చాలు, ఒకావిడ ఫోను చేసేది. పేరు చెప్పేది కాదు, వీధి చెప్పేది కాదు. మీ లైన్‌మన్ ఏం చేస్తున్నాడు, స్తంభం ఎక్కాడా, ఎక్కితే ఇంకా దిగలేదేం, పైనే కాపురం పెట్టాడా అని ఆపరేటరును దులిపేసేది. ఎక్కాడమ్మా, పనవుతోంది అంటే పెట్టేసి, కాసేపాగి మళ్ళీ చేసేది. గయ్యాళమ్మ అని పేరు పెట్టింది ఆ ఆపరేటరే. లైన్‌మన్ తడిసి ముద్దై ఇంటికొచ్చి, భోజనం దగ్గర కూర్చుని ఆ గయ్యాళమ్మను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేవాడు. దాని మొగుడెవడో గానీ ఎలా వేగుతున్నాడో పాపం అని జాలి కూడా పడేవాడు. తర్వాత ఆఫీసులో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే మర ఫోను వచ్చింది. గయ్యాళమ్మ మాట వినపడ్డం మానేసింది. పోయినట్టుంది పాపం అని అందరూ అనుకున్నారు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే పెళ్ళానికి పొలమారి, నీళ్ళు తాగించాల్సి వచ్చింది.

"అది నేనే" అంది భార్య.

లైన్‌మన్‌కు కాసేపు ఏమీ ఎక్కలేదు. ఎక్కాక మొదట వచ్చింది కోపమే. ఆ తిట్లకు ఆపరేటరు తన మీద విసుక్కునేవాడు, ఇంజనీరు దాకా వెళ్ళి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది ఒకసారి. అదంతా సొంత పెళ్ళాం చేసిన నిర్వాకమా. వీధి చివర మందుల షాపు నుంచి, ముక్కు మూసుకుని మాట్లాడేదట. షాపాయనకు కూడా తెలుసట. ఊళ్ళో తనకొక్కడికే తెలియదన్నమాట.

"ఎందుకే? నేనేం పాపం చేశాను? మామూలుగా చేసి అడిగితే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు.

"మామూలుగా చేశానండీ, పెళ్ళైన కొత్తలో. మా ఆయన దిగారా అని అడిగాను. మీరు ఇంటికొచ్చి, ఇంకెప్పుడూ ఆఫీసుకు ఫోను చేయకు అని అరిచారు."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. మరిచిపోయాడు గానీ, అరిచింది నిజమే. ఆపరేటరు ఆఫీసంతా వినేలా "ఒరేయ్, మీ ఆవిడ అడుగుతోంది, దిగావా లేదా" అని కేకేస్తే అందరూ నెల్లాళ్ళు ఏడిపించారు. ఆ ఉడుకుమోతుతనమంతా ఇంటికి తెచ్చి కొత్త పెళ్ళాం మీద కుమ్మరించాడు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆపరేటరు ఎప్పుడూ వింతగా చెప్పుకునేవాడు. ఇప్పుడే దిగాడమ్మా అనగానే ఆ గయ్యాళమ్మ ఠక్కున పెట్టేసేదట, కరెంటు ఎప్పుడొస్తుందో కూడా అడక్కుండా. కరెంటు కోసం చేసిన ఫోనులు కావవి.

 వానలో స్తంభం మీద ఎన్నిసార్లు వేలాడాడో, అన్నిసార్లూ ఈ మనిషి తడుచుకుంటూ మందుల షాపుకు పరుగెత్తిందన్నమాట. తనేమో ఆవిడ వడ్డిస్తుంటే తింటూ, ఆవిడనే తిట్టాడు. ఎదురుగా కాలువ మసగ్గా కనిపించింది ఆయనకు.

"ఈ మాటకేనా రెండుసార్లు పారిపోయావు?" అన్నాడు చివరికి.

"ఇదీ ఉంది. ఇదొక్కటే కాదు." ఆవిడ కొంగు వదిలేసింది. "మీరు పైకెక్కితే కింద నిలబడి అడగడానికి నేనున్నాను. ఎవరో ఒకరు విసుగు పుట్టేలా అడుగుతూ ఉండాలండీ. అడిగేవాళ్ళు లేకపోతే పైనున్న మనిషిని అందరూ మర్చిపోతారని నా భయం. ఇప్పుడు నేను లోపల ఉంటే మీరు బయట బుద్ధిగా కూర్చుంటారు. ఎవర్నీ ఏమీ అడగరు. మీ సంగతి నాకు తెలియదా."

అది నిజం. లైన్‌మన్ ఎక్కడికెళ్ళినా చెప్పిన చోట చేతులు కట్టుకుని కూర్చునే రకం. బజార్లో చిల్లర తక్కువిచ్చినా మొహమాటానికి జేబులో వేసుకొచ్చేస్తాడు. రెండోసారి గేటు దగ్గర కూడా, ఆవిడ ఎటు పోయిందని ఒక్కరినీ అడగలేదు.

"అడుగుతాను" అన్నాడు.

"విసుక్కుంటారు వాళ్ళు."

"విసుక్కోనీ. గయ్యాళోడని పేరు పెట్టుకోనీ. నువ్వు బయటికొచ్చావని చెప్పేదాకా వాళ్ళను కూర్చోనివ్వను, నేనూ కూర్చోను."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది, బట్ట గట్టిదో కాదో వెలుతురులో పెట్టి చూసినట్టు. ఆ తర్వాత లేచింది.

బస్సుల స్టాండు వచ్చింది. వాళ్ళ ఊరి బస్సు సరిగ్గా గేటు దగ్గరే ఆగి ఉంది. కండక్టరు ఊరి పేరు అరుస్తున్నాడు, తలుపు బార్లా తెరిచి ఉంది, కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. ఆవిడ నడక నెమ్మదించింది. లైన్‌మన్ ఆవిడకూ బస్సుకూ మధ్య అడ్డం పడబోయి ఆగిపోయాడు. పట్టుకుని లాక్కుపోతే లాభం లేదని ఆ బల్ల మీదే తెలిసొచ్చింది ఆయనకు. సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని ఊరికే నిలబడ్డాడు. కండక్టరు ఎక్కుతారా అని ఆవిడనే అడిగాడు.

"ఇప్పుడు కాదు బాబూ, పనుంది. అయ్యాక వస్తాం" అని చెప్పి ఆవిడ వంతెన ఎక్కింది. లైన్‌మన్ వెనకాల పరుగులాంటి నడకతో ఎక్కాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, వచ్చారే అంది. కాగితాల మీద సంతకాలయ్యాయి, ఆకుపచ్చ గౌను ఇచ్చారు. ఆవిడ దాని కుట్టు చూసి పెదవి విరిచింది. మంచాన్ని తోసుకుని పోతుంటే ఆవిడ ఆయన వైపు తిరిగి, చూపుడువేలు ఎత్తి ఆడించింది, మాట గుర్తుందా అన్నట్టు. తలుపులు మూసుకున్నాయి.

లోపలికి వెళ్ళింది. నిజంగా వెళ్ళింది. లైన్‌మన్‌కు సగం బరువు అక్కడే దిగిపోయింది. మిగతా సగం ఛాతీ మీద అలాగే కూర్చుంది.

విచారణ కౌంటరు అద్దం వెనక ఒకావిడ ఉంది. లైన్‌మన్ వెళ్ళి మర్యాదగా అడిగాడు. మొదలుపెట్టారండీ అందావిడ. కాసేపు గోడవారగా నిలబడి మళ్ళీ అడిగాడు. జరుగుతోందండీ, కూర్చోండి అంది. ఆయన కూర్చోలేదు. మూడోసారి వెళ్ళేటప్పుడు చెవులు వేడెక్కాయి, బెంచీల మీద వాళ్ళంతా తననే చూస్తున్నారు. అయినా అడిగాడు. ఇంకా ఎంతసేపమ్మా, లోపలికి ఒక్కసారి ఫోను చేసి కనుక్కుంటే ఏం పోతుంది అని గొంతు పెంచాడు కూడా. తన గొంతు అద్దానికి తగిలి తిరిగొస్తుంటే ఆయనకే కొత్తగా ఉంది. అద్దం వెనకావిడ విసుక్కుంటూ, పక్కనున్న మనిషితో ఏదో గొణిగింది. పేరు పెట్టేసి ఉంటుందని లైన్‌మన్ అనుకున్నాడు. పెట్టుకోనీ.

అలా ఎన్నిసార్లు తిరిగాడో ఆయనకే లెక్కలేదు. తిరుగుతున్న కొద్దీ ఒకటి మాత్రం తెలుస్తూ వచ్చింది. పైన ఉండడం తేలిక. పైన ఉన్నవాడికి చేతి నిండా పని ఉంటుంది, భయపడే తీరిక ఉండదు. కిందున్న మనిషికే చేతుల్లో ఏమీ ఉండదు. ఇన్నేళ్ళు ఆవిడ ఈ కింద నిలబడింది.

ఇంకోసారి కౌంటరు దగ్గరికి పోబోతుంటే అద్దం వెనకావిడే లేచి నిలబడి చెయ్యి ఊపింది. "అయిపోయిందండీ, బయటికి తెచ్చేశారు. బాగానే ఉన్నారు. ఇప్పటికైనా కూర్చోండి" అంది. లైన్‌మన్‌కు ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. అద్దం అడ్డం ఉంది కాబట్టి అద్దానికే పెట్టాడు.

వెనకే డాక్టరమ్మ వచ్చింది. గడ్డను శుభ్రంగా తీసేశామంది. పరీక్షకు పంపడం మామూలేగానీ, తన అనుభవంలో అది కంగారు పడాల్సిన గడ్డ కాదంది. లైన్‌మన్ అప్పుడు కూర్చున్నాడు. కూర్చోవడం కూడా బెంచీ చూసుకుని కూర్చోలేదు, అదృష్టం బాగుండి అక్కడ బెంచీ ఉంది. ఛాతీలో బిగబట్టుకున్న గాలంతా బుస్సున బయటికొచ్చింది. వదినకు ఫోను చేసి "అయిపోయింది వదినా" అన్నాడు.  అవతల హెడ్‌మిస్ట్రెస్ మాట పెగలక ముక్కు చీదుకుంటోంది.

లోపలికి రమ్మన్నారు. ఆవిడ మంచం మీద వాడిపోయి ఉంది, జుట్టంతా చెదిరింది. కళ్ళు సగమే తెరిచి ఆయన్ను వెతికి పట్టుకుంది. ఎండిపోయిన పెదాలతో, "ఏమన్నా వాగానా?" అని అడిగింది.

లైన్‌మన్ పక్కనున్న నర్సు వైపు చూశాడు. నర్సు దిండు సర్దుతూ నవ్వింది.

"వాగకపోవడమేమిటి. మత్తు ఎక్కేదాకా ఒకటే మాట. మా ఆయన హోటలు ఎంత దగ్గర్లో చూశారో తెలుసా డాక్టరుగారూ, కిటికీలోంచి మీరంతా కనిపిస్తారు, అంత దగ్గర ఇంకెవరూ చూడలేరు అని. తెలివి రాగానే మళ్ళీ అదే. నిజంగా అంత దగ్గరా అండీ?"

లైన్‌మన్ భార్య చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికే తుడుచుకున్నాడు.

"చాలా దగ్గరండీ" అన్నాడు. "నడిస్తేనే కాస్త దూరం."